శిలాక్రమము – వేదక్రమము

వైదికకర్మ ఏదైనా సంకల్పంతోనే ఆరంభమవుతుంది. సంకల్పమంటే ఫలకామనను పలకడం మాత్రమే కాదు. కర్త తాను ఏ కాలంలో, ఏ దేశంలో నిలిచి ఉన్నాడో చెప్పుకుని, ఆ తరువాతనే గోత్రనామాలను ఉచ్చరిస్తాడు. బ్రహ్మదేవుని ద్వితీయపరార్ధం నుండి కల్పం, మన్వంతరం, యుగం, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి వరకు కాలం క్రమంగా సంకోచిస్తుంది. ద్వీపం, వర్షం, ఖండం, మేరువుకు ఏ దిక్కు, శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ నదుల నడుమ, ఎవరి గృహంలో అన్నంతవరకు దేశమూ అట్లే సంకోచిస్తుంది. ఆ రెండు రేఖలు కలిసే చోట ఒక మనుష్యుడు ఆసనంపై కూర్చుని ఉంటాడు. అనంతమైన కాలదేశాలలో తన స్థానమెంతటిదో గుర్తించి కర్మకు ఉపక్రమించమని ఇందులోని ఉపదేశం.

నిత్యాభ్యాసం వలన ఈ మాటలు నాలుకపై అలవోకగా సాగిపోతాయి. మనస్సు వాటిని పట్టించుకోదు. పరదేశానికి వెళ్లినవారికి మాత్రం అవి ఒక్కసారిగా బరువెక్కుతాయి. అమెరికాలోని మన పురోహితులు క్రౌంచద్వీపమని, రమణకవర్షమని, ఐంద్రఖండమని పలుకుతున్నారు. ద్వీపవర్షాల సంగతి అట్లా కుదిరింది. నదుల సంగతి ఏమిటి? ఈ ప్రశ్న నుండి పుట్టిన ఒక యాత్రను, ఆ యాత్రలో శిలలు నేర్పిన ఒక పాఠాన్ని ఇక్కడ పరిశీలిద్దాము.

కోనసీమలోని ఒక అగ్రహారానికి చెందిన తైత్తిరీయశాఖాధ్యాయి, డెబ్బది ఏండ్లు దాటిన ఒక ఘనాపాఠిగారు ధనుర్మాసంలో ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరానికి, కుమారుని ఇంటికి వెళ్లినారు. కుమారుడు అక్కడ జలవనరుల విభాగంలో ఇంజనీరు. చేరిన మరునాటి ఉదయం సంధ్యావందనానికి పంచపాత్రలో నీరు పట్టుకుంటూ ఆయన అడిగిన మొదటి మాట ఇది: "నాయనా, ఈ కుళాయిలో వచ్చేది ఏ నది నీరు?"

కుమారుడు వివరించినాడు. ఆ నగరానికి సాల్ట్, వెర్డే అనే రెండు సమీపనదుల నీరు కొంత; చాలా దూరాన పశ్చిమసరిహద్దులో ప్రవహించే కొలరాడో నది నీరు కొంత. ఆ కొలరాడో జలాన్ని ఎడారి మీదుగా ఎత్తిపోసి తెచ్చే కాలువ పొడవు సుమారు 540 కి.మీ.; 1973లో మొదలైన ఆ నిర్మాణం 1993లో ముగిసింది. ఆ నది మొత్తం పొడవు సుమారు 2,330 కి.మీ.; ఏడు రాష్ట్రాలలోను, మెక్సికోలోను కలిపి దాదాపు 4 కోట్ల మంది ఆ నీటిపై ఆధారపడి ఉన్నారు.

"ఆమె ముఖం చూడకుండా ఆమె ఇచ్చిన నీటితో అర్ఘ్యం విడుస్తున్నాము. ఒకసారి దర్శనం చేయించు" అన్నారు పెద్దాయన. ఆ విధంగా క్రిస్మస్ సెలవుల్లో ఆయన, కుమారుడు, కోడలు, పదకొండేళ్ల మనుమడు కారులో ఉత్తరాభిముఖంగా బయలుదేరినారు.

ఆ దారి భూవిజ్ఞానానికి ఒక సోపానమాల వంటిది. ఫీనిక్స్ సముద్రమట్టానికి 330 మీటర్ల ఎత్తున ఉన్న ఎడారి. బ్రహ్మజెముడును పోలిన సగ్వారో వృక్షాలు బాహువులు పైకెత్తి నిలిచి ఉంటాయి. మూడు గంటలలోపే కారు 2,100 మీటర్ల ఎత్తున ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్‌కు చేరుతుంది. అక్కడ దేవదారువులను తలపించే పైన్ వృక్షాలు, నేలపై మంచు. కొలరాడో పీఠభూమి అంచు అది. ఊరి ఉత్తరాన హిమాచ్ఛాదితమైన శిఖరాలు ఒక ప్రాచీన అగ్నిపర్వతపు శేషాలు. అవి దాటి కామెరాన్ వైపు దిగగానే వృక్షాలన్నీ అంతర్ధానమై, ఊదా, బూడిద, ఎరుపు వర్ణాల చారలతో మట్టిగుట్టలు కనబడతాయి. సుమారు 22 కోట్ల సంవత్సరాల క్రితం నదులు పరచిన ఒండ్రు, దానిలో కలిసిన అగ్నిపర్వతభస్మం ఆ గుట్టలు. అదే కాలపు పొరలలో పడిపోయిన వృక్షాలు శిలలైపోయి అక్కడక్కడ దొరుకుతాయి.

పెద్దాయన కారు ఆపించి చాలాసేపు ఆ మట్టిని చూస్తూ నిలబడినారు. కోనసీమలో పుట్టి పెరిగినవానికి రాయి అపురూపమైన వస్తువు. గౌతమీ వసిష్ఠల నడుమ ఎంత లోతు తవ్వినా ఒండ్రే తగులుతుంది. రుబ్బురోలు సైతం పడవపై రావలసిందే. ఆయన జీవితమంతా చూచినది నది యొక్క చరమదశను, అంటే దానం చేసే చేతిని. ఆ దానద్రవ్యం ఎక్కడిదో, ఏ కొండ అరిగితే ఆ పొలం ఏర్పడిందో చూచే అవకాశం ఎన్నడూ రాలేదు. "మన మట్టి కూడా ఒకప్పుడు ఇట్లా ఎక్కడో కొండగా ఉన్నదన్నమాట" అన్నారు.

ఆ సాయంకాలం వారు గ్రాండ్ కాన్యన్ తూర్పు అంచుకు చేరినారు. ఆ మహాగహ్వరం పొడవు 446 కి.మీ., లోతు సుమారు 1.6 కి.మీ., వెడల్పు కొన్నిచోట్ల 29 కి.మీ. అడుగున సన్నని దారంలా నది. ముందురోజు మంచు పడినందున పొరలన్నీ స్పష్టంగా విడివడి కనబడుతున్నాయి. దానికి కారణమున్నది. సున్నపురాయి, ఇసుకరాయి గట్టివి గనుక నిట్టనిలువు గోడలుగా నిలుస్తాయి; వాటిపై మంచు నిలువదు. పలకబారిన మట్టిరాళ్లు మెత్తనివి గనుక వాలుగా కరిగిపోతాయి. ఆ వాలులపై మంచు పరచుకుంటుంది. అందువలన ఎర్రని గోడ, తెల్లని రేఖ, మరల ఎర్రని గోడ. పర్వతం త్రిపుండ్రం ధరించినట్లున్నది. చలికాలంలో వెళ్లినవారికి మాత్రమే లభించే దర్శనమిది.

అంచున కూర్చున్న రాతిలోనే చిన్నచిన్న శంఖాలను, చక్రాలను పోలిన గుర్తులు కనబడినాయి. అది కైబాబ్ అనే సున్నపురాయి. 27 కోట్ల సంవత్సరాల నాటి సముద్రగర్భం. నేడది 2,100 మీటర్ల ఎత్తున మంచు కప్పుకుని ఉన్నది. పెద్దాయనకు ఇది ఆశ్చర్యం కలిగించలేదు. ఆయన నిత్యం అభిషేకించే సాలగ్రామంలోని చక్రం కూడా ఒక ప్రాచీన సముద్రజీవి విడిచిన ముద్రయేనని, హిమాలయం సముద్రగర్భం నుండి లేచినందున గండకీనది ఆ శిలలను మోసుకువస్తున్నదని ఆయన ఎరుగుదురు. వజ్రకీటం తొలిచిందన్న పురాణకథనూ ఎరుగుదురు. ఒకటి శిల ఎట్లా ఏర్పడిందో చెప్పేది. మరొకటి ఆ శిలలో ఉపాసకుడు దేనిని చూడాలో చెప్పేది. రెండింటికీ పని వేరు గనుక తగవు లేదు.

మరునాటి తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నాకు పది డిగ్రీలు దిగువన ఉన్నది. స్మృతులు అశక్తులకు విధించిన మంత్రస్నానం చేసి, శాలువా కప్పుకుని ఆయన అంచుకు వచ్చినారు. నిశ్శబ్దంలో లోయ నుండి టప్పుటప్పుమని చిన్న రాళ్లు రాలుతున్న శబ్దం వినవచ్చింది. కుమారుడు కారణం చెప్పినాడు: పగలు పగుళ్లలోకి ఇంకిన మంచునీరు రాత్రి గడ్డకట్టి దాదాపు తొమ్మిది శాతం వ్యాకోచిస్తుంది, ఆ ఒత్తిడికి రాయి చీలుతుంది, ఎండపొడ తగలగానే రాలుతుంది. నది లోయను లోతు చేస్తే, ఉపనదులు, వర్షం, ఈ శీతలం కలిసి దానిని వెడల్పు చేస్తున్నాయి. నది ఈ లోయను కోయడం గడచిన 50, 60 లక్షల సంవత్సరాల పని మాత్రమే. శిలల వయస్సుతో పోలిస్తే నిన్నటి మాట.

మనుమడు అక్కడి ఫలకం చదివి పరుగున వచ్చినాడు. "తాతగారూ, ఇక్కడ విష్ణు టెంపుల్ ఉంది, శివా టెంపుల్ ఉంది, బ్రహ్మా కూడా! రామా, కృష్ణా కూడా ఉన్నారు!" అవి ఆలయాలు కావు, లోయలో గోపురాలవలె నిలిచిన శిఖరాలు. 1882లో ఈ ప్రాంతంపై గ్రంథం వెలువరించిన క్లారెన్స్ డటన్ అనే భూవిజ్ఞాని, ఆ శిఖరాల రూపం ప్రాచ్యదేశ దేవాలయాలను స్ఫురింపజేయగా, ఇటువంటి పేర్లు పెట్టే సంప్రదాయానికి నాంది పలికినాడు. తరువాత లోయ అడుగునున్న ప్రాచీనశిలలకు కూడా విష్ణు, బ్రహ్మ, రామ నామాలే వచ్చినాయి. సముద్రపు ఒండ్రు వేడికి, ఒత్తిడికి రూపాంతరం చెందినది విష్ణుశిల. అగ్నిపర్వతాల నుండి పుట్టినవి బ్రహ్మ, రామశిలలు. ఇవి సుమారు 175 కోట్ల సంవత్సరాల నాటివి.

పెద్దాయన సంతోషించినారు, కాని వెంటనే మరొక ప్రశ్న వేసినారు. "అంతకు ముందు ఇక్కడివారు ఏమని పిలిచేవారు?" హవాసుపాయ్ అనేవారు నేటికీ ఈ లోయలోనే నివసిస్తున్నారని, ఆ పేరుకు నీలహరితజలాల ప్రజలని అర్థమని కుమారుడు చెప్పినాడు. హోపీజాతివారి విశ్వాసంలో మానవులు ఈ లోకంలోకి వెలువడిన ద్వారం ఈ లోయలోనే, లిటిల్ కొలరాడో నదీప్రాంతంలోనే ఉన్నది. నవాహోలకు కూడా ఇది పవిత్రభూమియే. లోయలో వారు సాగుచేసుకున్న ఒక తోటకు పరాయి పేరు తొలగించి, 2022లో హవాసుపాయ్‌ల పేరే పెట్టినారు. "మన దేవుని పేరు ఉన్నదని మురిసిపోవడం సులభం. క్షేత్రపాలకుని అనుమతి లేకుండా క్షేత్రంలో అడుగుపెట్టరాదు కదా. ముందు వారి దేవతలకు నమస్కారం చేయి నాన్నా, తరువాత మన విష్ణువును చూద్దువుగాని" అని మనుమనితో అన్నారు. ఆయన స్వయంగా ఉత్తరీయం భుజం నుండి తీసి నడుముకు చుట్టుకుని ప్రణామం చేసినారు.

ఆ తరువాత కుమారుడు ఉత్సాహంతో ఒక మాట అన్నాడు. శ్వేతవరాహకల్పంలో ఇప్పటికి సుమారు 197 కోట్ల సంవత్సరాలు గడచినవని పంచాంగాలు చెబుతున్నాయి. ఈ లోయలోని అతిప్రాచీన శిల వయస్సు 184 కోట్లు. "ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి నాన్నగారూ! మనవాళ్లు ఎప్పుడో చెప్పినారు."

పెద్దాయన నవ్వి, "భూమి వయస్సు ఎంతంటున్నారు మీరు?" అని అడిగినారు.

"454 కోట్లు."

"అది కల్పారంభానికి ఎంతో ముందు. మొత్తం కల్పమే 432 కోట్లు. ఒక అంకె కలిసిందని ఉత్సవం చేసుకుంటే, కలవని అంకె వచ్చిననాడు శాస్త్రాన్ని విడిచిపెడతావా?"

ఈ ప్రశ్న నేటి కాలంలో మనమందరం ఆలోచింపదగినది. శిలల వయస్సు తెలిసేది అనుమానప్రమాణం వలన. కొన్ని స్ఫటికాలలోని యురేనియం నియతమైన వేగంతో సీసంగా మారుతుంది; ఎంత మారిందో కొలిచి ఎంతకాలమైనదో ఊహిస్తారు. పొగను చూచి అగ్నిని ఊహించడం వంటిదే ఇది. వ్యాప్తి దృఢమైతే అనుమానం బలవత్తరం. శ్రుతి యొక్క ప్రామాణ్యం మరొక చోట ఉన్నది: ప్రత్యక్షానుమానాలకు అందని ధర్మంలోను, బ్రహ్మంలోను. అగ్ని చల్లనిదని నూరు శ్రుతులు చెప్పినా ఆ విషయంలో అవి ప్రమాణం కాజాలవని శంకరభగవత్పాదులు గీతాభాష్యంలో స్పష్టంగా నిర్ణయించినారు. వేదాన్ని భూవిజ్ఞానానికి సాక్షిగా నిలబెట్టడం వేదాన్ని గౌరవించడం కాదు. దానికి లేని పనిని అంటగట్టి, ఉన్న పనిని మరపించడమే. మరి కల్పగణన ఎందుకు? కర్త తన స్వల్పత్వాన్ని గుర్తించడానికి. ఆ పనిని ఈ లోయ కూడా చేస్తుంది. అంతవరకే సామ్యం.

ఆ లోయలో అన్నిటికన్న విచిత్రమైనది కంటికి కనబడేది కాదు. అడుగున నిలువుగా చీలికలతో నల్లని విష్ణుశిల ఉన్నది. దానిపై బల్లపరుపుగా టేపీట్స్ అనే ఇసుకరాయి పొర ఉన్నది. దాని వయస్సు 50 కోట్ల సంవత్సరాలకు కొంచెం పైన. రెండూ ఒకదానిపై ఒకటి అతుక్కుని ఉన్నాయి. నడుమ వ్రేలు పట్టే సందైనా లేదు. కాని ఆ రేఖలో 120 కోట్ల సంవత్సరాలు లోపించినాయి. ఆ కాలంలో ఏర్పడిన పర్వతాలు అరిగి, కొట్టుకుపోయి, జాడ లేకుండా పోయినాయి. 1869లో పడవలపై ఈ లోయగుండా సాగిన జాన్ వెస్లీ పావెల్ ఈ విచ్ఛేదాన్ని గమనించినాడు. భూవిజ్ఞానులు దీనిని మహావిచ్ఛేదంగా వ్యవహరిస్తారు.

ఈ విషయం విన్నప్పటి నుండి పెద్దాయన మౌనం వహించినారు. కారణం కుమారునికి తెలియనిది కాదు. ఆ వంశంలో తెలిసినంతవరకు ప్రతి తరంలోను ఒక అధ్యాయి ఉన్నాడు. కుమారుడు ఉపనయనమైన తరువాత కొన్ని పన్నాలు చెప్పుకుని, పాఠశాల చదువులోకి వెళ్లినాడు. తండ్రి ఆనాడు అడ్డు చెప్పలేదు. నేడు నింద చేయడు. అగ్రహారంలో ఆయన ఇంటి అరుగుపై ఇప్పుడు పాఠం చెప్పించుకునేవారు లేరు. ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. పతంజలి మహాభాష్యంలో లెక్కించిన వేదశాఖలు ఋగ్వేదానికి 21, యజుర్వేదానికి 101, సామవేదానికి 1,000, అథర్వవేదానికి 9. నేడు అధ్యయనంలో మిగిలినవి వేళ్లపై లెక్కింపదగినవి. ఒక్కొక్క శాఖ ఏ ఊళ్లో, ఏ అరుగుపై, ఎవరి కంఠంతో ఆగిపోయిందో చెప్పేవారు లేరు. మిగిలిన శాఖలు మాత్రం నడుమ సందు లేనట్లే పక్కపక్కన నిలిచి ఉన్నాయి.

మూడవనాడు వారు ఉత్తరంగా సాగి వర్మిలియన్ క్లిఫ్స్ క్రిందుగా లీస్ ఫెర్రీకి చేరినారు. ఆ పేరుకు తగినట్లే సిందూరవర్ణంలో కొండలు. పైనున్న నవాహో ఇసుకరాయి 19 కోట్ల సంవత్సరాల క్రితపు ఎడారి. గాలి పేర్చిన ఇసుకతిన్నెల వంపులు రాతిలో నేటికీ కనబడతాయి. ఒక ఎడారి క్రింద మరొక ఎడారి నిద్రిస్తున్నదన్నమాట. నీటి ఒడ్డుకు కారు వెళ్లగలిగే అరుదైన చోట్లలో అది ఒకటి. పెద్దాయన పంచె మోకాళ్లపైకి ఎగగట్టి నదిలో దిగినారు. కోడలు "మామయ్యగారూ, రెండు నిమిషాలే" అని ఒడ్డున తువాలు పట్టుకుని నిలబడింది. నీరు మంచువలె చల్లగా, ఆకుపచ్చగా, అడుగు రాళ్లు కనబడేంత తేటగా ఉన్నది. మాధ్యాహ్నిక అర్ఘ్యం విడిచి ఆయన ఒడ్డుకు వచ్చినారు.

మనుమడు ఒక గుండ్రని ఎర్రరాయి ఏరి తెచ్చి, "తాతగారూ, ఇది మీ పూజలో పెట్టుకోండి" అన్నాడు. ఆయన పంచాయతనంలో ఐదు శిలలున్నాయి. శివునికి నర్మదానది బాణం, విష్ణువుకు గండకి సాలగ్రామం, గణపతికి శోణనది ఎర్రరాయి, అంబికకు మన స్వర్ణముఖి రాయి, సూర్యునికి స్ఫటికం. మొదటి నాలుగూ నదులు ఇచ్చినవే. ఎవరూ చెక్కనివి, ప్రతిష్ఠ అక్కరలేనివి. ప్రవాహమే వాటి శిల్పి. బాలుని ఊహ సంప్రదాయవిరుద్ధం కానే కాదు. అయితే అక్కడి నుండి రాయి తీసుకుపోవడం చట్టవిరుద్ధమని తండ్రి చెప్పినాడు. బాలుని ముఖం చిన్నబోయింది. పెద్దాయన ఆ రాయిని చేతిలోకి తీసుకుని, నీటిలో కడిగి, రెండు క్షణాలు కన్నులకు అద్దుకుని, "పూజ అయిపోయింది నాన్నా. ఇప్పుడు ఆమె రాయి ఆమెకు ఇచ్చివేద్దాము" అని బాలుని చేతనే నదిలో విడిపించినారు.

ఒడ్డున నిలబడి కుమారుడు ఒక విషయం చెప్పినాడు. స్పానిష్ భాషలో కొలరాడో అంటే ఎర్రనిదని అర్థం. ఎర్రని ఒండ్రుతో ప్రవహించినందున ఆ పేరు. నేడు అక్కడ నీరు ఎర్రగా లేకపోవడానికి కారణం, 25 కి.మీ. ఎగువన 216 మీటర్ల ఎత్తున నిలిచిన గ్లెన్ కాన్యన్ ఆనకట్ట. 1963లో దాని తలుపులు మూసినారు. జలాశయం నిండడానికి 1980 వరకు పట్టింది. ఒండ్రులో అధికభాగం ఆ జలాశయంలోనే అడుగున దిగిపోతుంది. తేటనీరు మాత్రమే దిగువకు వస్తుంది. అనేక ఆనకట్టల, కాలువల తరువాత నదికి మిగిలేది స్వల్పం. సాధారణంగా అది సముద్రాన్ని చేరదు. మెక్సికోలోని దాని డెల్టా చాలావరకు ఎండిపోయింది. 2014 వసంతంలో రెండు దేశాలు ఒప్పందం చేసుకుని కొంత నీరు వదలగా, కొద్దికాలం మాత్రం సముద్రసంగమం జరిగింది.

డెల్టాలో పుట్టినవానికి ఈ మాట ఎట్లా తగిలి ఉంటుందో ఊహించవచ్చు. సరస్వతి ఇసుకలో అదృశ్యమైన చోటును మహాభారతం వినశనమని పేర్కొన్నది. బలరాముని తీర్థయాత్రలో ఆ స్థలం తీర్థంగానే గణింపబడింది. నది కనబడని చోట కూడా స్నానసంకల్పం చెప్పుకున్నవారు మన పూర్వులు.

మరునాడు ఆనకట్టపై నిలబడినప్పుడు కుమారుడు, బహుశః ఎన్నో రోజులుగా మనస్సులో ఉన్న మాటను, మెల్లగా బయటపెట్టినాడు. "నాన్నగారూ, మీరు ఈ మూడు నెలలూ ఇక్కడే ఉంటారు కదా. రోజూ రెండు గంటలు చొప్పున మొత్తం శాఖ రికార్డు చేస్తాను. ఎక్కడికీ పోదు."

పెద్దాయన జలాశయం వైపు చూస్తూ, "చేయి నాయనా, మంచిదే. నిలవ ఉన్న నీరు కరువులో ప్రాణం కాపాడుతుంది. కాని డెల్టాను పెంచేది నిలవనీరు కాదు, పారే ఒండ్రు. గురువు తప్పు దిద్దినప్పుడు శిష్యుని కంఠంలో పడేది ఒకటి ఉన్నది. అది యంత్రంలో అడుగున దిగిపోతుంది" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. కుమారుడు తల వంచుకుని, "చిత్తం" అన్నాడు.

తిరుగుప్రయాణంలో కారు వెనుకభాగంలో మనుమడు లోయ పొరల పేర్లను పైనుండి క్రిందికి వల్లె వేస్తున్నాడు: కైబాబ్, టొరోవీప్, కొకొనినో, హెర్మిట్, సుపాయ్, రెడ్‌వాల్, మువావ్, బ్రైట్ ఏంజెల్, టేపీట్స్, విష్ణు. రెండుసార్లు నడుమ ఒకటి జారిపోయింది. పెద్దాయన విని, "ఇట్లా అయితే ఎప్పటికీ పోతూనే ఉంటాయి. జత కట్టి చెప్పు" అని క్రమపాఠం చూపించినారు. మొదటిది రెండవదానితో, రెండవది మూడవదానితో, మూడవది నాలుగవదానితో. బాలునికి వెంటనే పట్టుబడింది. పిదప జట: కైబాబ్ టొరోవీప్, టొరోవీప్ కైబాబ్, కైబాబ్ టొరోవీప్. ఆ తరువాత ఘన: ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు. బాలుడు పకపక నవ్వుతూ, తప్పులు పోతూ, దిద్దించుకుంటూ గంటసేపు పలికినాడు. ఒక పదం జారితే తరువాతి అల్లిక నిలువదు గనుక జారిన సంగతి తనకే తెలిసిపోతున్నది. వేలాది సంవత్సరాలుగా ఒక్క అక్షరం, ఒక్క స్వరం చెదరకుండా సంహితను నిలిపిన కట్టుబాటు అది.

టేపీట్స్, విష్ణు అనే చివరి జత దగ్గర బాలుడు హఠాత్తుగా ఆగినాడు. "తాతగారూ, ఈ రెంటి మధ్యా పొరలు పోయాయి కదా? మరి వీటిని జత కట్టి చెప్పవచ్చా? అది తప్పు కాదూ?"

పెద్దాయన వెంటనే సమాధానం చెప్పలేదు. కారు నడుపుతున్న కుమారుడు కూడా అద్దంలో తండ్రి ముఖం చూచినాడు. కొంతసేపటికి ఆయన ఇట్లా అన్నారు:

"చెప్పవచ్చును. అక్కడ అవి రెండూ ఆనుకునే ఉన్నాయి కనుక జత అబద్ధం కాదు. అయితే చెప్పేటప్పుడు నడుమ లోపమున్నదని నీ మనస్సుకు తెలియాలి. పాణిని మహర్షి లోపమంటే కనబడకపోవడమని మాత్రమే నిర్వచించినాడు. అసలు లేనేలేదని అనలేదు. ప్రత్యయం లోపించినా దాని వలన జరగవలసిన కార్యం జరుగుతుందని కూడా చెప్పినాడు. పోయిన కొండలు పోయినాయి. కాని విష్ణుశిల తలను అంత చదునుగా అరగదీసినది ఆ పోయిన కాలమే. ఆ చదును మీదనే నీ టేపీట్స్ పరచుకున్నది."

కుమారుడు అప్పుడు ఒక మాట అందుకున్నాడు. మొదటిరోజు చూచిన తూర్పు అంచు దగ్గర, లోయ అడుగున, ఏటవాలుగా ఒరిగిన పొరలు కొన్ని కలవు. అవి 125 కోట్ల నుండి 73 కోట్ల సంవత్సరాల నడిమి కాలానివి. భూమి విరిగి కొన్ని ఖండాలు క్రిందికి కుంగినందున, మిగతాచోట్ల కొట్టుకుపోయిన పొరలు అక్కడ మాత్రం దాగి మిగిలినాయి. "అంటే పోయినదంతా పోలేదు నాన్నగారూ. ఒకచోట లేనిది మరొకచోట ఉన్నది."

పెద్దాయన కన్నులు మెరిసినాయి. అథర్వవేదపు పైప్పలాదశాఖ కాశ్మీరదేశపు ఒకే ఒక భూర్జపత్రప్రతి ద్వారా మాత్రమే పండితలోకానికి తెలిసిన కాలముండేది. 1950ల చివరలో దుర్గామోహన్ భట్టాచార్యగారు ఒడిశా గ్రామాలలో ఆ శాఖ తాళపత్రాలను కనుగొన్నారు. అక్కడి బ్రాహ్మణకుటుంబాలు ఆ శాఖవారమనే చెప్పుకుంటూ నిశ్శబ్దంగా జీవిస్తున్నారు. కుంగిన నేలలో దాగిన పొర అది. ఆ కథ ఆయన మనుమనికి ఆసాంతం చెప్పినారు. బాలుడు విని, చివరి జతను పలికి, నడుమ ఒక చిన్న విరామం ఇచ్చి, ముగించినాడు. ఆ విరామాన్ని పెద్దాయన దిద్దలేదు.

ఆ బాలుడు వేదాధ్యయనం చేస్తాడని ఈ వృత్తాంతం నుండి ఎవరూ నిర్ణయింపనక్కరలేదు. ఒక గంటసేపు అతడు నేర్చినది శిలల పేర్లు. నేర్చిన పద్ధతి మాత్రం వేదానిది. విచ్ఛేదం వచ్చిన ఇళ్లు నేడు మనలో అనేకం. కొందరు విచ్ఛేదమే లేదన్నట్లు గతవైభవాన్ని కీర్తిస్తారు; కొందరు అంతా పోయిందని శోకిస్తారు. శిలలను చదివేవారు ఈ రెండూ చేయరు. ఎక్కడ ఎంత లోపించిందో కొలిచి చెబుతారు. లోపించినదాని కార్యం ఎక్కడ మిగిలి ఉన్నదో వెదకుతారు. మరొకచోట ఏ వాలులోనైనా అది దాగి ఉన్నదేమో నడిచి చూస్తారు. పరంపర తెగిన ఇంట కూడా కనీసం ఒక అనువాకం, ఒక సూక్తం, స్వరంతో పలకగల ఒక కంఠం ఉన్నదేమో మొదట వెదకి చూచుకోవడం, ఉంటే ఆ కంఠం ఎదుట కూర్చుని తప్పులు దిద్దించుకోవడం మనకు శక్యమైన పని. యంత్రంలో నిలవచేయడం దాని తరువాతి పని.

ధర్మో రక్షతు. స్వస్తి.